రాణి పురుడు

ఆగస్టు 3, ఆదివారం

రాణి ఈనింది. పిల్లలు మాత్రం కనపడటం లేదు.

పిల్లి పిల్లలు పెడుతుంది అనాలని నాకూ తెలుసు. కానీ గొర్రెలున్న ఇంట్లో ఏది కన్నా ఈనిందనే అంటారు. నా పెళ్ళయిన కొత్తలో మా ఆడబిడ్డకు ఆడపిల్ల పుడితే కూడా మా అత్త నోట అదే మాట వచ్చింది.

కొన్నాళ్ళుగా అనుకుంటూనే ఉన్నాం. ఒళ్ళు బక్కచిక్కింది, పొట్ట మాత్రం కుండలాగా ఉబ్బింది. మొన్నటి నుంచి కొట్టం వెనక బూడిద కుప్ప మీదికి పోవడం, తోకెత్తి ముక్కడం, ఉత్తచేతులతో తిరిగి రావడం, మళ్ళీ పోవడం. నొప్పులు కాక ఇంకేమిటి? ఒప్పుకున్న జాకెట్లన్నీ పక్కన పడేసి, గుడ్డముక్కలు ఏరి పుట్టబోయే పిల్లలకు చిన్న బొంత కుట్టాను. అంచుకు పైపింగ్ కూడా వేశాను. తిండి పెట్టే కస్టమర్లకు కూడా ఎప్పుడూ అంత బుద్ధిగా కుట్టలేదు.

ఈ పొద్దున చూస్తే తోక కింద ఎర్రగా, తడిగా మెరుస్తూ, చిటికెన వేలంత ఏదో బయటికి వచ్చి ఉంది. కేక పెట్టాను. మా అత్త రంగనాయకమ్మ వచ్చి వంగి చూసింది. జీవితమంతా మందలో గొర్రెలకు పురుళ్ళు పోసిన మనిషి. తిరుగులేని గొంతుతో చెప్పింది.

"గర్భసంచి జారింది. ఈనింది ఇది. పిల్లల్ని యాడో పెట్టి వచ్చింది."

ఇక మొదలైంది. అటక మీద చూశాం. గడ్డివాము దులిపాం. బీరువా జరిపాం. పక్కింటి చెంచమ్మ కూడా చీర పైకి దోపుకుని రంగంలోకి దిగింది. నా మిషను కింద బాబిన్లు, ఎప్పుడో పోయిందని ఏడ్చిన కత్తెర దొరికాయి. పిల్లలు దొరకలేదు.

మా ఆయన వాకిట్లో నిలబడి ఈ తిరునాళ్ళంతా చూసి, రాణితో అన్నాడు. "రాణీ, మీ అమ్మకు చెప్పు, కొట్టంలో దూలం మీద చూడలేదని."

చూశాను. అక్కడా లేవు.

ఆగస్టు 4, సోమవారం

ఈరోజు అత్త వైద్యం. చల్లటి నీళ్ళతో కడిగి, ఆ ఎర్రటి దాని మీద పిడికెడు చక్కెర పోసి కూర్చుంది. "గొర్రెకు ఇట్లనే చేసేది. చక్కెర నీరు గుంజుకుంటాది, వాపు దిగుతాది, అప్పుడు లోపలికి తొయ్యాల." చీమలు పట్టకుండా నేను విసనకర్రతో కాపలా. నిజంగానే వాపు దిగింది. మెల్లగా తోసింది. లోపలికి పోయింది! నేను చప్పట్లు కొట్టాను. రాణి తుమ్మింది. బయటికి వచ్చేసింది.

మళ్ళీ తోసింది. మళ్ళీ తుమ్మింది. మళ్ళీ. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. దానికేమో నొప్పి, నాకేమో భయం, అయినా నవ్వొస్తుంది. నాకు చిన్నప్పటి నుంచీ ఇదే రోగం, చావు ఇంట్లో కూడా నవ్వొస్తుంది.

ఆయన గొర్రెలు తోలుకుపోతూ గడప దగ్గర ఆగాడు. "రాణీ, మీ అమ్మకు చెప్పు, మార్కాపురంలో పిల్లుల్ని కుక్కల్ని చూసే డాక్టరమ్మ వచ్చిందంట."

"రాణీ, మీ నాయనకు చెప్పు, ఇంట్లోనే పెద్ద డాక్టరు ఉందని."

ఇది మా ఇంటి పద్ధతి. మొదట్లో కూతురు రజినితో చెప్పించేవాళ్ళం, అది చదువుకని ఒంగోలు హాస్టల్‌కు పోయింది. అత్తతో చెప్పిద్దామంటే ఆమెకు చెవుడు. ఆమెకు వినపడేలా చెబితే కంభమంతా వింటుంది. ఇక మిగిలింది రాణి. రాణికి ఓపిక ఎక్కువ. ఇద్దరి మాటలూ వింటుంది, ఒక్కటీ మోయదు, అయినా అందుతాయి.

ఎండాకాలం నుంచీ ఇంతే. తల్లి చచ్చిపోయిన పొట్టేలు పిల్లకు సీసాతో పాలు పట్టి పెంచాను. నా మిషను కింద, నేను తొక్కే కాళ్ళ పక్కనే పడుకునేది. గిద్దలూరులో చెల్లెలి ఇంట్లో ఫంక్షన్‌కు పోయి వచ్చేసరికి లేదు. బేరగాడు వస్తే మిగతా పొట్టేళ్ళతో కలిపి ఇచ్చేశాడట. నన్ను ఒక్క మాట అడగకుండా. "పొట్టేలు గదా," అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి ఈ నోటితో మామా అని పిలవడం మానేశాను. ఆయనా పంతానికి పోయాడు. పోనీ. నాకేం బాధ లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఆగస్టు 5, మంగళవారం

పిల్లలు దొరకలేదు. చెంచమ్మ వాళ్ళ కుక్క మీద నాకు అనుమానం. ఆ మాట అన్నందుకు చెంచమ్మ సాయంత్రం మజ్జిగ పంపలేదు.

అత్త బాలింత కారం నూరింది. శొంఠి, మిరియాలు, దోసిటి నిండా వెల్లుల్లి. రాణి మూతి తిప్పుకుంటే చెరువు చేప తెప్పించి అందులో కలిపి పెట్టింది. తిన్నది. కడుపుకు మెత్తటి గుడ్డ కూడా చుట్టాం, నడుముకు గాలి పోకుండా. పచ్చి బాలింత అచ్చం ఇలాగే ఉంటుంది, నీరసంగా, చిరాగ్గా. పాపం, బిడ్డల మీద బెంగ పెట్టుకుంది.

ఆగస్టు 6, బుధవారం

ఉండు, ముందు కాసేపు నవ్వుకుని వచ్చి రాస్తాను.

మొదట నవ్వు లేదు. పొద్దున లేచేసరికి రాణికి నీళ్ళ విరేచనాలు. ఆ ఎర్రది నిన్నటికంటే పొడుగు, ముదురు రంగు. ఆయన గొర్రెల్ని వేరేవాళ్ళకు అప్పగించి, బండికి కిక్కు కొట్టి, దేన్నీ ఎవరినీ చూడకుండా నిలబడ్డాడు. నేను రాణిని కూరగాయల బుట్టలో పెట్టుకుని వెనకెక్కాను. ఇద్దరికీ మధ్య బుట్ట. తర్లుపాడు మీదుగా మార్కాపురం చేరేదాకా రాణి ఒక్కటే మాట్లాడింది.

డాక్టర్ షారోన్ చిన్న పిల్ల, మా రజినికి అక్కలా ఉంది. మేం చెప్పిందంతా ఓపిగ్గా వింది. ఉబ్బిన పొట్ట, నొప్పులు, జారిన గర్భసంచి, దొరకని పిల్లలు, బాలింత కారం. తోకెత్తి చూసింది. మా మొహాలు చూసింది. మళ్ళీ తోకెత్తి చూసింది.

"అన్నా, మీకు గొర్రెలున్నయ్యా?"

"ఉన్నయ్ డాక్టరమ్మా."

"పుట్టింది పొట్టేలో కాదో ఎట్ల కనుక్కుంటావు?"

ఆయన నవ్వాడు. "అదేం ప్రశ్న తల్లీ. తోకెత్తితే తెలవదా?"

ఆ పిల్ల రాణి తోక ఎత్తి పట్టుకుని అలాగే నిలబడింది. ఆయన వంగాడు. కళ్ళజోడు సరిచేసుకుని ఇంకా వంగాడు.

"ఓరి నాయనో," అన్నాడు. "వీడు మగోడు!"

చీకటి కొట్టంలో తడిమి పొట్టేలు అని చెప్పే మనిషి! ఆయన అమ్మ అంతకు మించి! ఇంట్లో ఇన్ని నెలలుగా తిరుగుతున్న పిల్లి తోక ఒక్కరమూ ఎత్తలేదు. గొర్రె అయితే ఎత్తుతాం, ఆడదో మగదో తెలిస్తేనే అమ్మేదా ఉంచేదా తెలుస్తుంది. పిల్లిని అమ్మేది లేదు, ఉంచుకునేది లేదు, అదే ఉంటుంది. అందుకని చూడలేదు. రాణి అన్నాం, రాణి అయిపోయింది.

నేను గోడకు ఆనుకుని నవ్వాను. కళ్ళనీళ్ళు వచ్చాయి. కొన్ని వేరే రకం నీళ్ళు కూడా కలిసినట్టున్నాయి.

"జారింది గర్భసంచి కాదక్కా," అంది డాక్టరమ్మ. "మలం పోయే చివరి పేగు. కడుపు నిండా పురుగులు. వాటితో విరేచనాలు, ఊరికే ముక్కడం, ముక్కీ ముక్కీ పేగు బయటికి వచ్చింది." సన్నటి పుల్లకు జెల్లీ రాసి పక్కనుంచి పెట్టి చూసింది, పై పేగు కూడా దాంతో జారలేదని రూఢి చేసుకోవడానికి. తర్వాత మా ఇద్దరికీ చీవాట్లు. వెల్లుల్లి పిల్లికి విషమట. "చక్కెర పోసింది ఎవరు?" అంది. మా అత్త అన్నాను. "ఆమె చేసిన మంచి పని అదొక్కటే," అంది.

మత్తిచ్చి, పేగు లోపలికి పంపి, చుట్టూ దారం తిప్పి మూతి బిగించింది. అచ్చం లంగాకు నాడా ఎక్కించినట్టే. నాకు నోరు ఆగలేదు. "కొంచెం లూజు పెట్టు తల్లీ," అన్నాను. "పెట్టినానక్కా, మెత్తటి దొడ్డి పోయేంత సందుంది," అంది. కుట్టు బాగుంది. నా దగ్గర నేర్చుకునే పిల్లలెవరూ అంత సమంగా వేయరు.

చివర్లో కాగితం తీసింది. "ఇది ఎవరి పిల్లి?"

"ఆయనది," అన్నాను నేను.

"ఆమెది," అన్నాడు ఆయన.

ఆ పిల్ల పెన్ను పట్టుకుని మమ్మల్నే చూస్తూ కూర్చుంది.

వస్తుంటే, ఊరు దాటాక ఆయన వీపు ఊగడం మొదలైంది. మొదట గుంతలనుకున్నాను. కాదు, నవ్వు. నేనూ అందుకున్నాను. బుట్టకు అటు ఆయన, ఇటు నేను, బండి ఆపుకుని మరీ నవ్వాం. మాట్లాడుకోలేదు. నవ్వితే మాట్లాడినట్టు కాదు.

ఆగస్టు 7, గురువారం

అత్త చెవిలో అరిచి చెప్పాను. "మగపిల్లి అత్తా!"

చాలాసేపు ఆలోచించింది. "మగదయితే మరి పిల్లల్ని యాడ పెట్టింది?"

ఆగస్టు 9, శనివారం

కుట్టు నాకకుండా మెడకు గొట్టం పెట్టాలంది డాక్టరమ్మ. అక్కడ ఇచ్చింది రాణికి మరీ పెద్దది, దాంతో గడపలో ఇరుక్కుపోయాడు. జాకెట్ల మెడలకు వేసే బక్రం కత్తిరించి నేనే ఒకటి కుట్టాను. గులాబీ రంగు పైపింగ్. పెట్టుకుని వాకిట్లోకి వస్తే చెంచమ్మ నవ్వి నవ్వి మజ్జిగ మళ్ళీ మొదలుపెట్టింది. కుక్క మీద వేసిన నింద కూడా మాఫీ.

పురుగుల మందు పని చేసింది. ఏం పడ్డాయో రాయను. ఆయన చూసి వచ్చి, "రాణీ, మీ అమ్మకు చెప్పు, సేమియా ఈ నెలంతా చెయ్యొద్దని," అన్నాడు.

ఆగస్టు 11, సోమవారం

కుట్టు విప్పారు. పేగు లోపలే ఉంది! అయిపోయింది. రాణి గెలిచాడు. నాకు ముందే తెలుసు. అసలు అనవసరంగా భయపడ్డాం. రేపటి నుంచి బుద్ధిగా కూర్చుని జాకెట్లన్నీ అయిపోగొడతాను.

ఆగస్టు 12, మంగళవారం

మళ్ళీ వచ్చింది.

ఆగస్టు 13, బుధవారం

బుట్ట, బండి, తర్లుపాడు. ఈసారి రాణి కూడా మాట్లాడలేదు.

డాక్టరమ్మ మొహంలో నవ్వు లేదు. "మళ్ళా ఆ కుట్టే వెయ్యొచ్చు. తీస్తే మళ్ళా జారుతాది, పేగుకు అలవాటైపోయింది. రెండోది, కడుపు కోసి పేగును పైకి లాగి లోపలి గోడకు కుట్టేయడం. అప్పుడు జారదు. కానీ వీడు ఎముకల గూడు, రక్తం తక్కువ. మత్తుకు తట్టుకోకపోతే బల్ల మీదే పోవచ్చు. కుక్కలకు చేసినా గానీ, పిల్లికి ఇంతకుముందు ఒక్కసారే చేసినా. మూడోది నొప్పి తెలియకుండా, మళ్ళా లేవకుండా నిద్రపోయే సూది. ఊరికే వదిలేస్తే మాత్రం నల్లబడి కుళ్ళుతాది, అట్ల మాత్రం చెయ్యొద్దు." రాణి తల నిమిరింది. "మీరిద్దరూ బయటికి పోయి మాట్లాడుకుని రండి."

మాట్లాడుకుని!

రాణిని లోపల ఉంచుకుంది. మేం బయట పలకల దుకాణం ముందు నిలబడ్డాం. మధ్యలో బుట్ట కూడా లేదు. ఆయన రోడ్డు చూశాడు. నేను పలకలు చూశాను. రాళ్ళ పలకలు, చక్కగా దొంతరలు పెట్టారు. ఎంతసేపని చూస్తాం?

ఆయన గొంతు సవరించుకుని, బండి సీటు మీద చెయ్యి వేసి, "బండీ, ఆమెను అడుగు, ఏం చేద్దామని," అన్నాడు.

నాకు ఫక్కున నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే విరిగి ఏడుపైపోయింది. "బండిని ఎందుకు అడుగుతావు? నేను చచ్చినానా?"

ఎండాకాలం తర్వాత ఆయనతో నేను నేరుగా అన్న మొదటి మాట అదీ.

ఆ తర్వాత ఆగలేదు. పొట్టేలు పిల్ల సంగతి, గిద్దలూరు సంగతి, మిషను కింద ఖాళీగా ఉన్న చోటు, అన్నీ ఆ రోడ్డు మీదే కక్కేశాను. పలకల దుకాణంలో బేరమాడుతున్నవాళ్ళు బేరం మరిచిపోయారు. ఆయన తల వంచుకుని విన్నాడు. చివరికి నేనే అన్నాను. "సూది వేయించు. దాన్ని కోస్తుంటే నేను చూడలేను. పోనీ."

నేనేనా అన్నది? మూగజీవాల మీద అందరికీ ఉపన్యాసాలు ఇచ్చే రాధాకుమారి.

ఆయన మెల్లగా తలెత్తాడు. "పొట్టేలప్పుడు నిన్ను అడగలేదు. తప్పే. అది నీ పెంపకమని తెలిసీ ఇచ్చినా. మళ్ళా నిన్ను అడగకుండా ఒక జీవం సంగతి తెగ్గొట్టను. నువ్వు సూది అంటే సూదే." చేత్తో మొహం తుడుచుకున్నాడు. "కానీ నన్నూ ఒక మాట చెప్పనీ రాధా. నేను గొర్రెల కండ్లు చూసి చెప్తా, బతికేదేదో పోయేదేదో. వాడు పొద్దున నా చెయ్యి కొరికినాడు. పోయేటోడు కొరకడు."

చెయ్యి చాపాడు. బొటనవేలు మీద రెండు ఎర్రటి చుక్కలు. ఆ చెయ్యి పట్టుకుని చూశాను. కావలసిన దానికంటే ఎక్కువసేపే పట్టుకున్నాను.

"నువ్వు లోపల ఉంటావా, కోసేటప్పుడు?" అన్నాను.

"ఉంటా."

"అట్లయితే కోయమను."

లోపలికి పోయాం. డాక్టరమ్మ కాగితం ముందు పెట్టుకుంది. పోయినసారి ఖాళీగా వదిలేసిన చోట పెన్ను ఆనించి మళ్ళీ అడిగింది, పిల్లి ఎవరిదని.

"మాది," అన్నాం.

ఆపరేషన్ రేపు.

ఆగస్టు 14, గురువారం

బతికి ఉన్నాడు.

ఆయన లోపలే నిలబడ్డాడు. నేను బయట పలకల దుకాణం వాళ్ళ స్టూలు మీద. బయటికి వచ్చినప్పుడు ఆయన చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయి ఉంది. "నీ కుట్టు కంటే బాగుంది," అన్నాడు. కొట్టబోయాను.

బతికి ఉన్నాడు.

ఆగస్టు 15, శుక్రవారం

వీధిలో బడిపిల్లలు జెండాలు పట్టుకుని జై కొడుతూ పోతున్నారు. మా ఇంట్లో అందరి కళ్ళూ రాణి తోక మీద.

డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది. "ముక్కకుండా దొడ్డికి పోవాలక్కా. పేగు బయటికి రాకుండా. అప్పుడే గెలిచినట్టు." ఇంకా పోలేదు. మెత్తటి తిండి పెట్టాం, ఆమె ఇచ్చిన తియ్యటి మందు పట్టాం. బక్రం గొట్టంలోంచి మమ్మల్ని అసహ్యంగా చూస్తున్నాడు.

ఆగస్టు 16, శనివారం

లేదు. రెండు ముద్దలు కూడా దిగలేదు నాకు. ఆయన కూడా పళ్ళెం ముందు ఊరికే కూర్చుని లేచాడు.

ఆగస్టు 17, ఆదివారం

పొద్దున రాణి లేచి, మెల్లగా, కుట్లు కదలకుండా పెద్దమనిషిలాగా నడుచుకుంటూ బూడిద కుప్ప దగ్గరికి పోయాడు. నేను మిషను మీది నుంచి లేచాను. ఆయన గొర్రెలకు నీళ్ళు పెట్టే బకెట్టు వదిలేసి వచ్చాడు. ఇద్దరం కొట్టం గోడ వెనక గొంతుక్కూర్చున్నాం. బూడిద గోకాడు. వాసన చూశాడు. ఇంకోచోట గోకాడు. మా వైపు చూశాడు. మర్యాదకు ఇద్దరం మొహాలు పక్కకు తిప్పుకున్నాం.

"ముక్కతా ఉండాడా?" అంది నా గొంతు, నాకే వినపడనంత మెల్లగా.

"లే. ఉష్ష్."

నా చెయ్యి ఆయన చేతిలో ఉంది. ఎప్పుడు పెట్టానో నాకు తెలియదు. రాణి బూడిద కప్పుతున్న చప్పుడు. ఇద్దరం ఒకేసారి పరిగెత్తాం. తోకెత్తింది ఆయనే, ఈసారి మరిచిపోలేదు. పేగు లేదు! శుభ్రంగా ఉంది! బూడిదలో చక్కటిది, గట్టిది, వేలెడంతది!

"వచ్చింది!" అని అరిచాడు ఆయన. పొట్టేళ్ళ పందెం గెలిచినా అలా అరవడు. నేను ఎగిరి గంతేశాను, ఈ వయసులో, నైటీలో. చెంచమ్మ గోడ మీదుగా తొంగి చూసింది. అంత కేకకు అత్తకు కూడా వినపడింది, కర్ర పట్టుకుని గబగబా వచ్చింది.

"దొరికినయ్యా? ఎన్ని?"

ఆయన నేల మీద కూలబడి నవ్వాడు. "ఒకటేనమ్మా," అన్నాడు. "ఒకటే! బంగారమట్ల ఉండాది!"

అత్త తృప్తిగా తల ఊపింది. "తొలిసూరుకు ఒకటి చాలు," అంది.

సాయంత్రం బేరగాడు వచ్చాడు. వాకిట్లో ఇద్దరి మాటలూ వినిపిస్తున్నాయి. నేను మిషను తొక్కుతున్నాను. రాణి నా కాళ్ళ పక్కన, పొట్టేలు పిల్ల పడుకునే చోట పడుకుని ఉన్నాడు. ఆయన లోపలికి వచ్చాడు. అలవాటు చొప్పున రాణి వైపు చూశాడు, నోరు తెరిచాడు, మూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఆ రెండు పొట్టేళ్ళు అడుగుతా ఉండాడు. ఇచ్చేదా?"

పెళ్ళయినప్పటి నుంచీ మందలో ఒక్క జీవం సంగతి కూడా నన్ను అడగలేదు. నవ్వు రాలేదు, విచిత్రం. మిషను ఆపాను.

"ఇచ్చేయ్ మామా," అన్నాను.